ఊరెళ్లినా కుండీలు ఎండకుండా

వేసవి సెలవులకు ఊరెళ్తే డాబా మీది మొక్కలు ఏమవుతాయోనని మాకు ఏటా టెన్షనే. పక్కింటి పిన్నిగారు నీళ్లు పోస్తానంటారు కానీ, మే ఎండలో ఆవిడ చేత మెట్లెక్కించడానికి నాకే మనసొప్పదు.

ఈసారి పాత నూలు చీర చింపి తాళ్లు పేనాను. కుండీలన్నీ వాటర్ ట్యాంకు నీడకు చేర్చి, మధ్యలో స్టూలు మీద నీళ్ల బకెట్ పెట్టాను. తాడును ముందే తడపాలి, పొడిది నీరు సరిగా లాగదు. ఒక కొస బకెట్ అడుగుకు తగలాలి, లేకపోతే నీటిమట్టం తగ్గగానే సరఫరా ఆగిపోతుంది. రెండో కొసను వేళ్ల దగ్గర మట్టిలో పాతాను. దోమలు చేరకుండా బకెట్‌కు గుడ్డ కట్టి, మట్టి మీద ఎండుటాకులు పరిచాను. వారం ముందే పెట్టి చూడటం మంచిదైంది: మల్లెకు ఒక తాడు చాల్లేదు, ఇంకోటి వేశాను. లేత బెండకాయలన్నీ కోసేశాను, ముదరనిస్తే కాపు తగ్గుతుంది.

ఇంట్లో పని తక్కువే. గ్యాస్ రెగ్యులేటర్, మోటారు స్విచ్ ఆఫ్. ఫ్రిజ్‌లో దోసెల పిండి, పెరుగు ఖాళీ. బాత్రూం జాలీలో నీళ్లు పోసి పైన చెంచాడు వంటనూనె వేస్తే ఆ నీరు తొందరగా ఆరదు, డ్రైనేజీ వాసన పైకి రాదు.

తిరిగొచ్చేసరికి తులసి ఒక్కటే వాడింది. మట్టికుండీ గోడల నుంచి కూడా తేమ పోతుంది కదా, వచ్చేసారి దానికీ రెండు తాళ్లు.