ఖర్జూరంలో ఎండు తెగులు: మట్ట ఒక పక్కే వాడిపోతే అనుమానించండి

అనంతపురం ఎండల్లో ఖర్జూరం మట్ట ఎండగానే తెగులనుకోవద్దు, ముందు డ్రిప్పు చూడండి. నీళ్లెద్దడికి కింది ముసలి మట్టలు రెండు పక్కలా ఎండుతాయి. మొరాకో, అల్జీరియా తోటలను తుడిచిపెట్టిన ఫ్యుజేరియం అనే బూజు తెచ్చే తెగులు, అక్కడి పేరు 'బయూద్', అలా రాదు. నడి వరసలో ఒక్క మట్ట బూడిదరంగుకి తిరుగుతుంది. ఆకులు ఒక పక్కనే మొదలు నుంచి కొసదాకా వాడి, ఆ తర్వాతే రెండో పక్కకు పాకుతుంది. మట్ట వీపున పొడవునా గోధుమ చార.

బూజు నీటి నాళాలను మూసేయడమే కాదు, ఫ్యుజారిక్ ఆమ్లం వంటి విషాలూ వదులుతుంది. అందుకే నీళ్లు పెంచినా కోలుకోదు. మెడ్జూల్ రకం త్వరగా లొంగుతుంది.

మందు లేదు. వేళ్లతో పెకలించి అక్కడే కాల్చండి, పాదులో నీళ్లు పక్క చెట్లకు పారనీయకండి. కొత్త తోటకు పిలకలొద్దు, టిష్యూకల్చర్ మొక్కలే నాటండి.