కీబోర్డు వదిలి కేస్ డైరీ పట్టాలంటే

ఐటీ ఉద్యోగం వదిలి డిటెక్టివ్ కావాలనుకునేవాళ్లు ముందు ఒకటి తెలుసుకోవాలి: తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలో డిటెక్టివ్ పేరుతో నేరుగా భర్తీ చేసే పోస్టు లేదు. హైదరాబాద్ స్టేషన్లలో డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్లు, డిటెక్టివ్ ఎస్‌ఐలు ఉంటారు. జిల్లాల్లో సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్), కమిషనరేట్లలో టాస్క్‌ఫోర్స్, వీటన్నిటికీ పైన సీఐడీ ఉన్నాయి. ఎక్కడికి చేరాలన్నా దారి ఒకటే: సివిల్ ఎస్‌ఐగానో డీఎస్పీగానో ఎంపికై, స్టేషన్‌లో పనిచేసి, తర్వాత క్రైమ్ వైపు మళ్లాలి. పదేళ్ల జావా అనుభవం ఈ గేటు దగ్గర ఒక్క మార్కు కూడా తెచ్చిపెట్టదు. లోపలికి వెళ్లాక మాత్రం బాగా పనికొస్తుంది, అదీ తెలిసిన సంగతిని కోర్టు ఒప్పుకునే కాగితంగా మార్చడం వస్తేనే.

ముందు వయసు లెక్క

కోచింగ్ ఫీజు కట్టేముందు పదో తరగతి మెమో తీసి పుట్టిన తేదీ చూసుకోండి. తెలంగాణలో ఎస్‌ఐకి అసలు పరిమితి 25 ఏళ్లు. 2022 నోటిఫికేషన్‌కి ప్రభుత్వం మొదట మూడేళ్లు, ఆ తర్వాత ఇంకో రెండేళ్లు సడలించడంతో అది 30 దాకా వెళ్లింది. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఆపైన మరో అయిదేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో 21 నుంచి 27. అక్కడ కూడా 2022లో రెండేళ్లు కలిపారు. ఈ సడలింపులు ఆ నోటిఫికేషన్ వరకే. వచ్చేసారి కూడా ఇస్తారని నమ్ముకుని రాజీనామా చేస్తే ఇబ్బంది పడేది మీరే.

ఇక్కడ వయసు దాటుతున్నవాళ్లు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష ద్వారా సీబీఐ ఎస్‌ఐ పోస్టు చూడొచ్చు. జనరల్‌కి 30 దాకా అవకాశం, మూల వేతనం 44,900 దగ్గర మొదలవుతుంది. నిజం చెప్పాలంటే ఆర్థిక నేరాల మీద ఆసక్తి ఉన్న ఐటీ వాళ్లకు స్టేషన్ కన్నా అదే నప్పుతుంది. ఇంకో దారి గ్రూప్-1. తెలంగాణలో 2024 నోటిఫికేషన్‌లోని 563 పోస్టుల్లో 115 డీఎస్పీవే. ఐపీఎస్‌కి జనరల్ పరిమితి 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు.

బీటెక్ వాళ్లు తరచూ పొరబడేది ఒకటుంది. నోటిఫికేషన్‌లో ఎస్‌ఐ ఐటీ అండ్ కమ్యూనికేషన్స్ అని కనబడగానే సైబర్ క్రైమ్ పోస్టు అనుకుని దానికే గురిపెడతారు. ఆ విభాగం పని వైర్‌లెస్, నెట్‌వర్క్, కమ్యూనికేషన్ పరికరాలు నడపడం. దర్యాప్తు కావాలంటే మీరు ఎంచుకోవాల్సింది సివిల్ పోస్టునే.

వయసు సరిపోతే తర్వాత చూసుకోవాల్సింది కళ్లు. దూరపు చూపు రెండు కళ్లకూ 6/6 అడుగుతారు. రంగులు సరిగా కనిపించకపోయినా, మెల్లకన్ను ఉన్నా అనర్హులే. కళ్లద్దాలు వాడేవాళ్లు నోటిఫికేషన్‌లోని వైద్య ప్రమాణాల పేజీ ప్రింట్ తీసుకుని ముందే కంటి డాక్టర్‌కి చూపించండి. అన్నీ గెలిచి మెడికల్‌లో ఆగిపోతే ఆ బాధ వేరు. ఎత్తు మగవాళ్లకు 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 152.5.

నాలుగు రౌండ్ల పరుగు

తెలంగాణలో 2022లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాల్సి వచ్చింది. దీంతోపాటు మగవాళ్లకు 4 మీటర్ల లాంగ్‌జంప్, 7.26 కిలోల గుండు 6 మీటర్ల దూరం. ఆడవాళ్లకు రెండున్నర మీటర్ల జంప్, 4 కిలోల గుండు 4 మీటర్ల దూరం. ఆంధ్రలో 1600 మీటర్లకు మగవాళ్లకు 8 నిమిషాలు, ఆడవాళ్లకు పదిన్నర నిమిషాలు ఇచ్చారు.

7:15 అంటే 400 మీటర్ల ట్రాక్ మీద రౌండ్‌కి 1 నిమిషం 48 సెకన్లు. కుర్చీలో ఎనిమిదేళ్లు కూర్చున్న ఒంటికి ఇది ఆర్నెల్ల పని. మొదటి రెండు నెలలు టైమ్ చూడకుండా వారానికి నాలుగు రోజులు అరగంట మెల్లగా పరుగెత్తండి. మూడో నెల నుంచి వారంలో ఒకరోజు 400 మీటర్లు 1:45లో పరుగెత్తి, రెండు నిమిషాలు నడిచి, మళ్లీ పరుగెత్తాలి. అలా ఆరుసార్లు. ట్రెడ్‌మిల్ టైమ్‌ని నమ్మొద్దు. మట్టి మీద, జనం మధ్య అంత వేగం రాదు. మొదటి వారంలోనే రోజూ పరుగెత్తేవాళ్లకు మోకాలి కింద ముందు ఎముక నొప్పి పట్టుకుంటుంది, దాంతో నెల పోతుంది. ఇంకో తప్పు మొదటి రౌండ్‌ని 1:30లో లాగేయడం. మూడో రౌండ్‌లో ఊపిరి అందక ఆగిపోయేది వాళ్లే. గుండు విషయంలో బలం కన్నా అలవాటు ముఖ్యం: విసిరాక ముందుకు తూలి గీత దాటితే ఫౌల్. అసలు బరువు గుండుతోనే సాధన చేయండి.

పరీక్ష, రాజీనామా

ప్రిలిమ్స్ తర్వాత ఫైనల్స్‌లో అరిథ్‌మెటిక్-రీజనింగ్‌కి 200, జనరల్ స్టడీస్‌కి 200 మార్కులు. ఐటీ వాళ్లకు మొదటిది పెద్ద కష్టం కాదు. దెబ్బ తినేది తెలుగు పేపర్‌లో. అది అర్హత పేపరే, కానీ వ్యాసం, లేఖ చేత్తో రాయాలి. కాలేజీ వదిలాక తెలుగు చేత్తో రాయనివాళ్లు వేళ్లు నొప్పెట్టి మధ్యలో ఆగిపోతారు. రోజుకో పేజీ రాయండి. రేపు పంచనామా రాసేదీ ఆ చేతితోనే.

రాజీనామా ఎప్పుడు? తెలంగాణ 2022 విడత తేదీలు చూస్తే మీకే అర్థమవుతుంది. నోటిఫికేషన్ ఏప్రిల్‌లో, ప్రిలిమ్స్ ఆగస్టులో, దేహదారుఢ్య పరీక్షలు ఏడాది చివర, ఫైనల్స్ 2023 ఏప్రిల్‌లో, ఎంపిక జాబితా ఆగస్టులో వచ్చాయి. శిక్షణ ముగిసి పాసింగ్ అవుట్ పరేడ్ జరిగింది 2024 సెప్టెంబర్‌లో. ఎంపికకే పదహారు నెలలు. కాబట్టి ఈవెంట్స్ (దేహదారుఢ్య పరీక్షలు) పాసైనా ఉద్యోగం వదలొద్దు. సెలవులు దాచుకుని ఫైనల్స్ ముందు రెండు నెలలు వాడుకోండి. ఎంపిక ఖాయమయ్యాకే పేపర్ పెట్టండి. నోటీస్ పీరియడ్ తొంభై రోజులైతే తగ్గించే వీలుందేమో ముందే హెచ్‌ఆర్‌ని కనుక్కోండి. 2022 నోటిఫికేషన్ ప్రకారం తెలంగాణ ఎస్‌ఐ స్కేలు 42,300 నుంచి 1,15,270. ఫ్లాట్ ఈఎంఐ నడుస్తుంటే కనీసం ఏడాదిన్నర వాయిదాల డబ్బు పక్కన పెట్టుకోకుండా ఇందులోకి దిగకండి.

తెలంగాణ స్థానికత కోసం ఒకటి నుంచి ఏడో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే సంపాదించండి. మూతపడిన ప్రైవేటు బడుల రికార్డులు ఎంఈవో ఆఫీసులో వెతకాల్సి వస్తుంది. అటెస్టేషన్ ఫారంలో పాత కేసులేమైనా ఉంటే, కొట్టేసినవి సహా, రాసేయండి. కేసు కన్నా దాచిపెట్టడమే ఎక్కువ ముంచుతుంది.

స్టేషన్ నుంచి క్రైమ్‌కి

ఏడాది శిక్షణ అయ్యాక వచ్చే పోస్టింగ్‌లో బందోబస్తు, పిటిషన్లు, రోడ్డు ప్రమాదాలు, భార్యాభర్తల గొడవలే ఎక్కువ. సైబర్ స్టేషన్‌కి పంపమని మొదటి నెలే అడగకండి. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింది నేరాన్ని దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టర్ గానీ ఆపై హోదా గానీ. ఎస్‌ఐగా మీరు పని చేసిపెట్టొచ్చు గానీ దర్యాప్తు అధికారి మీరు కారు. ఈలోగా ప్రాపర్టీ కేసులు అడిగి తీసుకోండి: బైకు దొంగతనాలు, ఇళ్లలో చోరీలు, గొలుసు తెంపుళ్లు. డిటెక్షన్ ఒంటబట్టేది వాటిలోనే. పాత నేరస్తుల ఎంవోలు (నేరం చేసే పద్ధతులు) గుర్తుపెట్టుకున్న క్రైమ్ పార్టీ (నేరస్తుల్ని వెతికే స్టేషన్ బృందం) హెడ్ కానిస్టేబుల్ దగ్గర కూర్చోండి. ఏ డేటాబేస్‌లోనూ లేనిది ఆయన దగ్గరుంటుంది. టాస్క్‌ఫోర్స్‌కి పిలుపొచ్చేది రెజ్యూమె చూసి కాదు, మీరు తేల్చిన కేసులు, చేసిన రికవరీలు చూసి.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లో ఉన్నాయి. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్లు 105 (సోదా, జప్తుల వీడియో రికార్డింగ్), 180 (సాక్షుల వాంగ్మూలం), 192 (కేస్ డైరీ) కంఠతా రావాలి.

ఐటీ బుర్ర పనికొచ్చేది ఇలాంటి చోట. మోసం కేసులో ఒక కంపెనీ ఇచ్చిన లాగిన్ వివరాల్లో 18:52:10 యూటీసీ (మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ టైమ్) అని ఉందనుకోండి. మన టైమ్‌లో అది మర్నాడు అర్ధరాత్రి దాటాక 12:22:10. మార్చకుండా టెలికాం కంపెనీని అడిగితే ఎవరో అమాయకుడి అడ్రస్ వస్తుంది, టీమ్ వెళ్లి అతని తలుపు కొడుతుంది. పైగా మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఐపీని ఒకేసారి ఎందరో వాడుతుంటారు. పోర్ట్ నంబర్ (ఒకే ఐపీ వాడేవాళ్లలో ఒక్కో కనెక్షన్‌ని విడదీసే సంఖ్య) లేకుండా పంపిన లెటర్‌కి జవాబుగా పేర్ల జాబితా వస్తుందే తప్ప ముద్దాయి రాడు.

సీసీటీవీ కూడా అంతే. డీవీఆర్ (కెమెరా రికార్డర్) తెర మీద 9:41 ఉండగా మీ ఫోన్‌లో 9:28 అయితే గడియారం 13 నిమిషాలు ముందుంది. ఆ తేడాను పంచనామాలో అప్పుడే రాయించండి. లేదంటే 11:05 ఫుటేజీని 10:52 నాటి కాల్ రికార్డుతో కలిపేటప్పుడు డిఫెన్స్ లాయర్ ఆ పదమూడు నిమిషాలనే పట్టుకుంటాడు. చాలా డీవీఆర్‌లు పదిహేను, ముప్పై రోజుల్లో పాత రికార్డింగ్ మీదే కొత్తది రాసేస్తాయి, కాబట్టి ఫుటేజీ మొదటి రోజే తీసుకోవాలి.

జప్తు చేసిన ఫోన్‌ని తెలిసిన విద్యే కదా అని మీరే తెరిచి చూడొద్దు. ఐటీ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. మీరు తెరిచిన ప్రతి యాప్ లోపలి టైమ్‌స్టాంపుల్ని మార్చేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సీల్ చేసి, ఎఫ్‌ఎస్‌ఎల్‌కి (ఫోరెన్సిక్ ల్యాబ్‌కి) పంపండి. కాపీ చేసిన ఫుటేజీకైతే మధ్యవర్తుల (పంచనామా సాక్షుల) ఎదుటే ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైల్ మారలేదని చూపే కోడ్) తీసి పంచనామాలో ఎక్కించండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో రెండు భాగాలుంటాయి: మొదటిది డీవీఆర్ యజమాని, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. షాపు యజమాని సంతకం ఆ రోజే తీసుకోండి. ఛార్జిషీట్ వేసేనాటికి ఆ షాపు అక్కడ ఉండకపోవచ్చు.