బీపీ ఉన్నవాళ్లు బొంబాయి బస్సెక్కే ముందు: కాలి సిరలో రక్తం గడ్డ కట్టకుండా ఏం చేయాలి

మా చిన్నమ్మ మహబూబ్‌నగర్ నుంచి బొంబాయికి కొడుకు దగ్గరికి పోతుందంటే పొద్దటి నుంచే నీళ్లు బంద్. రాత్రంతా ప్రయాణం, బస్సు ఎక్కడ ఆపుతాడో, అక్కడ బాత్‌రూమ్ ఎట్లా ఉంటదో అని టెన్షన్. ఆడవాళ్ల ఈ బాధ నిజమే. కానీ ఆమెకు బీపీ ఉంది, పైగా కిటికీ సీట్లో కాళ్లు ముడుచుకుని తెల్లారేదాకా కదలదు.

నీళ్లు తగ్గితే మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి వాసోప్రెసిన్ వదులుతుంది, కిడ్నీలు రెనిన్ వదులుతాయి. మొదటిది మూత్రం తగ్గించి ఒంట్లో నీళ్లు దాస్తుంది, రెండోదాని వల్ల యాంజియోటెన్సిన్-2 తయారై రక్తనాళాలను బిగిస్తుంది. బీపీ పడిపోకుండా చూడటం వీటి డ్యూటీ. అంతటితో ఊరుకుంటే బాగుండేది. యాంజియోటెన్సిన్-2 పీఏఐ-1 అనే ప్రొటీన్‌ను పెంచుతుంది, అది కట్టిన గడ్డను కరగనివ్వదు. ఇక వాసోప్రెసిన్‌ను పోలిన డెస్మోప్రెసిన్ అనే మందును కొన్ని రక్తస్రావ జబ్బుల్లో ఇస్తారు, ఎందుకంటే అది గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8ను రక్తంలో పెంచుతుంది. గాయమై రక్తం పోతుంటే బీపీ నిలవాలి, కారే చోట గడ్డా కట్టాలి కదా. బస్సులో గాయం లేదు, ఆ సంగతి ఒంటికి తెలియదు.

అట్లాగని పాపమంతా హార్మోన్లదే కాదు, అవి కొంత తోడవుతాయంతే. పెద్ద కారణం కదలకపోవడం. పిక్క కండరం బిగిసి వదులుతుంటేనే కాలి రక్తం పైకెక్కుతుంది, లేకపోతే అక్కడే నిలిచి గడ్డ కట్టొచ్చు.

అందుకే నడిచే దారి పక్క సీటు అడగండి. గంటకోసారి మడమలు నేలకానించి వేళ్లు పైకి, తర్వాత వేళ్లు ఆనించి మడమలు పైకి, ఇట్లా ఇరవై సార్లు. పిక్క గట్టిపడటం చేత్తో తాకితే తెలియాలి. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నాలుగడుగులు వేయండి. నీళ్లు ఒకేసారి కాకుండా గుక్కెడు గుక్కెడు తాగండి (గుండె, కిడ్నీ జబ్బు ఉండి డాక్టర్ నీళ్లు తగ్గించమన్నవాళ్లు ఆయన చెప్పిన లెక్కే పాటించాలి).

బీపీ మాత్ర మానొద్దు. రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటివి ఈ యాంజియోటెన్సిన్ మీదే పనిచేస్తాయి, అయితే అవి రక్తం పల్చన చేసే మందులు కావు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ కూడా సొంతంగా మింగొద్దు. మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర వాడేవాళ్లు ప్రయాణం రోజు ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టర్‌ను అడగండి, చాలామంది చెప్పకుండా ఎగ్గొడతారు.

ఎక్కువసేపు కూర్చున్నా, అమ్లోడిపిన్ వాడినా రెండు పాదాలూ వాచడం మామూలే. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే మాత్రం అనుమానించాలి. మనవాళ్లు నరం పట్టిందని నూనె రాసి పిసుకుతారు, ఆ పని అస్సలు చేయొద్దు, గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. అదే రోజు చూపించుకుని డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం సరిగా పారుతోందా అని చూసే స్కాన్) గురించి అడగండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. బస్సు దిగి వారం రెండు వారాలయ్యాక వచ్చినా ఇదే పని, అప్పుడు డాక్టర్‌కు ఆ ప్రయాణం సంగతి కూడా చెప్పండి.