కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా చుట్టాల ఇళ్ళు చూసుకుంటూ వెళ్ళాలంటే

వైజాగ్ నుంచి ఒంగోలుకు త్వరగా చేరడమే పని అయితే 16వ నంబరు హైవే ఉంది, చీకటితో బయల్దేరితే సాయంత్రానికి వెళ్ళిపోవచ్చు. దారి పొడవునా పెద్దమ్మలూ బాబాయిలూ కలిసి చదువుకున్నవాళ్ళూ ఉన్నవాళ్ళు మాత్రం అన్నవరం దాటాక కత్తిపూడి దగ్గర ఎడమకు తిరిగి 216 పట్టుకోండి. పిఠాపురం, కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నర్సాపురం, బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరే దాదాపు 390 కిలోమీటర్ల దారి. మూడు రాత్రులు పెట్టుకోండి, నాలుగైతే ఇంకా హాయి.

ముందు కిలోమీటర్లు కాదు, ఇళ్ళు లెక్కేసుకోండి. పూటకు ఒక్క ఇంట్లోనే భోజనం, మిగతా ఇళ్ళన్నీ కాఫీ ఇళ్ళు. ఈ సంగతి బయల్దేరడానికి వారం ముందే ఎవరికి వాళ్ళకి ఫోన్ చేసి స్పష్టంగా చెప్పాలి. "అత్తా, మేం నాలుగింటికి వస్తాం, కాఫీ తాగి వెళ్ళిపోతాం, భోజనం పిన్ని వాళ్ళింట్లో" అని పేరు పెట్టి చెప్పండి. "దారిలో ఎప్పుడో వస్తాంలే" అని మొహమాటానికి అనొద్దు, ఆ మాట వింటే ఏ ఇంట్లోనైనా బియ్యం నానబోసేస్తారు.

నాకు ఇది ఎలా తెలిసిందంటే, మూడేళ్ళ క్రితం అమ్మను తీసుకుని వెళ్ళినప్పుడు అమలాపురం దగ్గర బాబాయి వాళ్ళకి మధ్యాహ్నం భోజనానికి వస్తాం అని చెప్పి, కాకినాడలో పెద్దమ్మ కదలనివ్వక, అక్కడే నాలుగు ముద్దలు తినేసి, సాయంత్రం నాలుగున్నరకి చేరాం. బాబాయి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, షుగర్ ఉంది, మేం వచ్చేదాకా తను తినలేదు, పిన్నినీ తిననివ్వలేదు. ఒక్క మాట కూడా అనలేదు, లేచి కాళ్ళకు నీళ్ళిచ్చాడు. అప్పటి నుంచి అరగంట ఆలస్యమైనా కారు పక్కకు ఆపి ఫోన్ చేస్తున్నా, "మీరు తినేయండి, మాకు ఉంచండి" అని గట్టిగా చెబుతున్నా.

ఏం తీసుకెళ్ళాలి అంటే, ఆ ఊరి మిఠాయి ఆ ఊరికే పట్టుకెళ్ళకుండా చూసుకుంటే చాలు. బయల్దేరేటప్పుడు మాడుగుల హల్వా కొనుక్కోండి, రోజుల తరబడి పాడవదు. అన్నవరంలో ఆగితే ఆకుల్లో కట్టిన ప్రసాదం నాలుగు పొట్లాలు ఎక్కువ తీసుకోండి, పెద్దవాళ్ళకి దాన్ని మించింది ఉండదు, కానీ ఒకటి రెండు రోజుల్లో పంచేయాలి. కాకినాడలో కొన్న కాజాలు బందరు మావయ్యకి, బందరులో కొన్న తొక్కుడు లడ్డు చీరాల స్నేహితుడికి, వేటపాలెం జీడిపప్పు ఒంగోలు వాళ్ళకి. పూతరేకులు మాత్రం సామాన్ల అడుగున పెట్టొద్దు, తీసేసరికి పొడి మిగులుతుంది. నాలుగైదు జాకెట్ గుడ్డలు కూడా సంచిలో ఉంచుకోండి. ప్రతి ఇంట్లోనూ అమ్మకి బొట్టు పెట్టి ఏదో ఒకటి ఇస్తారు, మన చేతులు ఖాళీగా ఉంటే అమ్మ మనసు ఊరుకోదు.

తిండి విషయంలో ఒక జాగ్రత్త. వరదల కాలంలో, అంటే జూలై నుంచి సెప్టెంబరు మధ్య, గోదావరి జిల్లాల్లో ఎవరింట్లోనూ "పులస తినాలనుంది" అని సరదాకైనా అనకండి. వేలు పోసి కొనుక్కొచ్చేస్తారు, చేతిలో లేకపోతే అప్పు చేసైనా తెస్తారు. అలాగే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్లకు వేట నిషేధం, ఆ రోజుల్లో సముద్రం చేప కోసం వాళ్ళని ఇబ్బంది పెట్టొద్దు. కార్తీకంలో వెళ్తుంటే ఎవరు నీచు ముట్టరో ముందే అడిగి తెలుసుకోండి.

పేరుకి కోస్తా రోడ్డే గానీ 216 మీద కారులోంచి సముద్రం పెద్దగా కనపడదు. కొబ్బరి తోటలు, వరిచేలు, రొయ్యల చెరువులు, కాలవలే కనిపిస్తాయి. పిల్లలు సముద్రం అని గొడవ చేస్తే పిఠాపురం నుంచి ఉప్పాడ వెళ్ళి బీచ్ రోడ్డు మీదుగా కాకినాడ రండి. అక్కడ సముద్రం ఒడ్డును కోసేస్తూ ఉంటుంది, వాయుగుండం పట్టినప్పుడల్లా రోడ్డు దెబ్బతింటుంది, అందుకని కాకినాడలో మనవాళ్ళని అడిగాకే అటు తిరగండి. చివర్లో చీరాల దగ్గర వాడరేవు, బాపట్ల దగ్గర సూర్యలంక ఎలాగూ ఉన్నాయి. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి పెట్రోలు మన కంటే చౌక, ట్యాంకు అక్కడ నింపుకోండి.

రాత్రి పూట మాత్రం డ్రైవింగ్ వద్దు. కోతల కాలంలో రోడ్డు మీదే ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు, గేదెలు అడ్డొస్తాయి, చేపల లారీలు ఆగవు. చీకటి పడేలోపు పడుకునే ఇంటికి చేరేలా చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను హెచ్చరిక ఏదైనా ఉందేమో రోజూ చూడండి.

పరామర్శకు వెళ్ళాల్సిన ఇల్లు ఉంటే దాన్ని ఆ రోజుకి చివర్లో పెట్టుకోండి, అక్కడి నుంచి తిన్నగా ఇంకొకరింటికి వెళ్తే ఇప్పటికీ బాధపడేవాళ్ళున్నారు. ఆ రాత్రికి లాడ్జిలో దిగి, స్నానం చేసి, పొద్దున్నే బయల్దేరండి.

బందరు దాటి మోపిదేవి మీదుగా పులిగడ్డ వంతెన వైపు వెళ్తుంటే దివిసీమలోకి వస్తారు. అక్కడ మీకు పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఆ ఇంటికి కాఫీ టైమ్ సరిపోదు, ఒక పూట మొత్తం ఇవ్వండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వాళ్ళ మాటల్లోకి వచ్చి తీరుతుంది. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతారు, ఆ పేర్లలో మన ఇంటిపేరు వాళ్ళూ ఉంటారు. వాళ్ళు చెబుతుంటే గడియారం చూడకండి. ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఎవరు ఎవరికి ఏమవుతారో కాగితం మీద రాసుకోండి. మా తాతకి ఒక అన్న ఉండేవాడని నాకు అలాంటి ఇంట్లోనే తెలిసింది.

బయల్దేరేటప్పుడు "వెళ్తున్నాం" అనకుండా "వెళ్ళొస్తాం" అనండి. క్యారేజీ కట్టిస్తే వద్దనకుండా తీసుకోండి, గిన్నెలు ఎవరివో మర్చిపోకుండా మూత మీద పేరు రాసి పెట్టుకోండి. ఇంటికి చేరిన రాత్రే అందరికీ ఫోన్ చేయండి, ముందు అందరికంటే పెద్దవాళ్ళకి, ఎందుకంటే ఆ ఫోన్ వచ్చేదాకా వాళ్ళు పడుకోరు.