తోటివాళ్ల వ్యాసం మీద అభిప్రాయం చెప్పేటప్పుడు ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అరుగు మీద ఆదివారం పూట పదిమంది పిల్లలు తెలుగు రాస్తారు. చాలామందికి ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. రాశాక నోటుబుక్కులు మార్చుకుని, ఒకరిది ఒకరు చదివి, కింద తమకు తోచింది రాయాలి. వినడానికి తేలికగానే ఉంటుంది గానీ మొదటి రెండు నెలలూ అలకలే. ఎక్కడ చెడిందో, ఏం చేస్తే కుదిరిందో రాస్తున్నాను. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఇలాంటి పిల్లలకు చెప్పేవాళ్లకు పనికొస్తుంది.

"బాగుంది" తప్ప ఇంకో మాట లేదు

చదవకుండా రాశారనుకోకండి, చదివే రాస్తారు. స్నేహం చెడుతుందన్న భయం కొంత. దేని కోసం చదవాలో తెలియకపోవడం అంతకంటే పెద్ద కారణమని నా లెక్క. అందుకని వ్యాసం రాసినవాళ్లే చివర ఒక ప్రశ్న రాయాలని పెట్టాం. "రైలు వచ్చే చోట నీకు కళ్లకు కట్టిందా?" "ముగింపు తొందరగా అయిపోయిందా?" అడిగినదానికి జవాబు చెప్పడానికి మొహమాటం అడ్డురాదు. మెచ్చుకోవాలన్నా ఏ వాక్యం నచ్చిందో దాని కింద గీత గీసి, ఎందుకో చెప్పాలి. గుణుపురం రైలు మీద రాసిన ఒక వ్యాసం కింద "గేటు దగ్గర మేకలు బెదిరిన చోట నాకూ భయమేసింది" అని ఉంది. రాసిన పిల్ల ఆ మాట నాలుగుసార్లు చదువుకుంది.

పేజీ నిండా ఎర్ర గీతలు

ఇది మా మాస్టార్లను చూసి నేర్చుకున్న విద్యే. ఒకడు "వేసవిలో అందరం అమ్మమ్మ మెడ మీద పడుకున్నాం" అని రాశాడు. పక్కవాడు పడీపడీ నవ్వి, "నీకు తెలుగు రాదు" అని రాసిచ్చాడు. అదే పేజీలో "కొడి కూసింది", "తెలు కుట్టింది" కూడా ఉన్నాయి. మూడు చోట్లా సున్నా చుట్టారు గానీ, ఉన్న జబ్బు ఒక్కటే. తెలుగులో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. ఒడియా లిపిలో ఆ జంటల్లో ఒక్కో అక్షరమే ఉంది. ఇ, ఈ రెండూ రాతలో ఉన్నా పలకడంలో తేడా వినపడదు. చిన్నప్పటి నుంచీ ఒడియా రాసిన చెయ్యి దీర్ఘం దగ్గర తడబడుతుంది. నోటితో మాత్రం వాడు "మేడ" అనే అంటాడు.

కాబట్టి ఒకే రకం తప్పు మూడుసార్లు కనిపిస్తే విడివిడిగా కొట్టొద్దు. కింద ఒకే ఒక్క ముక్క రాయాలి: "ఏ, ఓ దీర్ఘాలు చూసుకో." తర్వాత రాసినవాడి చేతే పైకి చదివించాలి. కాయితం మీద ఉన్నది ఉన్నట్టు చదవమంటే "మెడ" దగ్గర వాడే ఆగుతాడు.

అయితే ఈ మందు అందరికీ పనిచేయదు. ఇంట్లో కూడా ఒడియానే మాట్లాడే పిల్లలు మా దగ్గర ఇద్దరున్నారు. వాళ్లు "అక్క వచ్చాడు" అని రాస్తారు. ఒడియా క్రియలో ఆడ, మగ తేడా లేదు. "సే ఆసిలా" అంటే వాడు వచ్చాడనీ అవుతుంది, ఆమె వచ్చిందనీ అవుతుంది. వీళ్ల చేత ఎన్నిసార్లు చదివించినా చెవి పట్టుకోదు. అక్కడ పక్కనే "వచ్చింది" అని సరైన రూపం రాసి చూపించాల్సిందే. తప్పు దిద్దేముందు అది చేతి తప్పా, చెవి తప్పా అని చూడమనేది అందుకే.

తప్పు కానిదాన్ని కొట్టేయడం

ఆగస్టు 29కి అందరం వ్యాసాలు రాశాం. ఒకమ్మాయి వాళ్ల తాత పొలానికి వెళ్లే ముందు తరవాణి (పులిసిన గంజి) తాగుతాడనీ, గుంటల్ని (పిల్లల్ని) చూసి "ఏటి చేస్తన్నార్రా" అంటాడనీ రాసింది. చదివినమ్మాయి తరవాణి కొట్టేసి "చద్దన్నం" అని పెట్టింది. తాత మాటను "ఏమి చేస్తున్నారు" అని దిద్దింది. నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. ఆ రోజు గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1880లో మాస్టారుగా వచ్చింది ఈ ఊరికే. జనం మాట్లాడే తెలుగులో రాయనివ్వండని పోరాడిన మనిషి.

దిద్దినమ్మాయిని అనడానికి లేదు. పాఠ్యపుస్తకంలో కనిపించని మాట తప్పనే అనుకుంటారు పిల్లలు. కలం పెట్టేముందు ఈ మాట ఎవరు అంటున్నారని చూసుకోమన్నాను. తాత అంటున్నదైతే ముట్టుకోవద్దు. రాసినవాళ్ల సొంత మాటై, నీకు అర్థం కాకపోతే కొట్టేయకుండా అడుగు: "తరవాణి అంటే ఏంటి?" ఆ పిల్ల రెండోసారి "పులిసిన పుల్లటి తరవాణి, కుండలోంచి చెంబుతో" అని రాసింది. వ్యాసం మొత్తానికి అదే మంచి వాక్యం అయింది.

చదివించుకున్నవాళ్లు ముఖం ముడుచుకుంటే

కామెంటులో "నువ్వు", "నీకు" ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. "నువ్వు గందరగోళంగా రాశావు" బదులు "మూడో పేరాలో చెరువు దగ్గరున్నది మామయ్యా, బాబాయా? నాకు తెలియలేదు" అంటే సరిపోతుంది.

ఎంత చెప్పినా వ్యాసం మారకపోతే

పన్నెండు సలహాలిచ్చి ఉంటారు, లేదా తిరగరాయడానికి టైం ఇచ్చి ఉండరు. మా దగ్గర ఇప్పుడు రెండు సలహాలకు మించి రాయకూడదు. వెంటనే, అక్కడే కూర్చుని, ఏదో ఒక పేరా తిరగరాయాలి. మెడ కుర్రాడు కూడా అలాగే రాశాడు: "వేసవిలో అందరం అమ్మమ్మ మేడ మీద పడుకున్నాం. దిండ్లు చాలలేదు. తెల్లారేసరికి అందరికీ మెడ పట్టేసింది." కింద పక్కవాడి అభిప్రాయం: "రెండూ కరెక్టే రా."