కుండీలో గుంటూరు మిరపను గింజ నుంచి పెంచడం

పోపుల డబ్బాలోని ఎండుమిరపకాయను చిదిపి, గింజలను కుండీలో చల్లి, వారం రోజులు చూసి ఏమీ రాలేదని మట్టి పారబోసేవారు చాలామంది ఉన్నారు. ఆ గింజలు మొలవకూడదన్న నియమమేమీ లేదు. ఎండకు ఎండిన కాయలో గింజకు ప్రాణం ఉంటుంది. అయితే కొట్టులో కొన్న కాయ ఏ రకానిదో, ఎన్నేళ్ల కిందటి పంటో మనకు తెలియదు. అది సంకరజాతి మొక్కకు కాసినదైతే దాని గింజ మొలిచినా తల్లి గుణాలు నిలకడగా రావు. కాబట్టి మొదటిసారి పెంచేవారు గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎల్.సి.ఎ. 334 వంటి సూటి రకం (సంకరం కానిది) విత్తనం తెచ్చుకోవడం మంచిది. వంటింటి కాయతోనే మొదలుపెట్టాలనుకుంటే తెల్లబారిన తాలు కాయలను పక్కన పెట్టి, ముదురు ఎరుపులో నిండుగా ఉన్న కాయ నుంచే గింజలు తీయాలి.

ఎంత కారం కావాలన్నది కూడా ముందే తేల్చుకోవలసిన విషయం. గుంటూరు సన్నం కారం సుమారు 35 వేల నుంచి 40 వేల స్కోవిల్ యూనిట్లు (కారాన్ని కొలిచే కొలత) ఉంటుంది, తేజ రకం అంతకంటే ఘాటైనది. ఇంటి వాడకానికి ఈ రెండూ చాలు. 10 లక్షల యూనిట్లు దాటిన ఈశాన్య భారతపు భూత్ జొలోకియా మీద సరదా పడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: మన మిరప వారం పది రోజుల్లో మొలిస్తే, దాని గింజ మొలవడానికి మూడు నాలుగు వారాలు కూడా పట్టవచ్చు.

మన ప్రాంతంలో జూన్ చివర నుంచి ఆగస్టు వరకు నారు పోసుకోవడానికి అనువైన కాలం. అప్పుడు పోసిన మొక్క చలికాలపు నెలల్లో పూతకు, కాపుకు వస్తుంది. ఫిబ్రవరిలో విత్తితే పూత సరిగ్గా ఏప్రిల్, మే ఎండల్లో పడుతుంది. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోవడం మిరపకు సహజం. చలిదేశాల్లో ఉన్న తెలుగువారు మాత్రం మంచు కురిసే రోజులు పోవడానికి ఎనిమిది వారాల ముందే ఇంట్లో వెచ్చని చోట గింజ పెట్టుకోవాలి.

విత్తే ముందు గింజలను ఒక రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టాలి. జల్లించిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, వర్మికంపోస్టు ఒక పాలు కలిపి ప్రోట్రేలోగాని (నారు పెంచే గుంతల ట్రే), అడుగున చిల్లు పెట్టిన కాగితపు గ్లాసుల్లోగాని నింపి, ఒక్కోదానిలో రెండేసి గింజలను అర సెంటీమీటరు లోతున పెట్టి పైన పలుచగా కప్పాలి. తడి గోనెగుడ్డ ముక్క కప్పి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉండే చోట ఉంచితే సాధారణంగా ఏడు నుంచి పది రోజుల్లో మొలక కనిపిస్తుంది. చలి ఉంటే రెండు వారాలు దాటవచ్చు. మొదటి మొలక తల ఎత్తిన రోజే గుడ్డ తీసేసి వెలుతురులోకి మార్చాలి. ఒక్క రోజు ఆలస్యమైనా కాడలు పాలిపోయి దారాల్లా సాగుతాయి.

ఇక్కడి నుంచి మొక్క ప్రాణం నీటి మీద ఆధారపడి ఉంటుంది. ఎద్దడి కంటే ఎక్కువ తడితోనే ఇళ్లలో మిరప ఎక్కువగా చస్తుంది. నిన్నటి దాకా నిటారుగా ఉన్న మొలక మట్టికి ఆనిన చోట మెత్తబడి పక్కకు వాలిపోతే అది నారు కుళ్లు తెగులు. వాలిన మొలకను లేపలేము. మిగిలినవాటిని కాపాడుకోవడానికి నీళ్లు తగ్గించి, ఒత్తుగా ఉన్న మొలకలను పీకి పలుచన చేసి, లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లు తడపాలి.

ఆరు వారాల వయసుకు నారు జానెడుకు కాస్త తక్కువ ఎత్తులో, గట్టి కాడతో ఉంటుంది. నాటడానికి వారం ముందు నుంచి నీళ్లు తగ్గించి, రోజూ కొంచెం కొంచెం ఎక్కువ ఎండ చూపించాలి. కుండీ వెడల్పు, లోతు పన్నెండు అంగుళాలకు తగ్గకూడదు, ఒక కుండీకి ఒకే మొక్క. గుంటూరు పొలాల్లో మిరప నల్లరేగడిలో పండుతుంది కదా అని ఆ మట్టినే బస్తాకెత్తుకొచ్చి కుండీ నింపితే పని చెడుతుంది: పొలంలో లోతుకు ఇంకే నీరు కుండీలో ఎటూ పోలేక వేళ్లను కుళ్లబెడుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, గుప్పెడు వేపపిండి కలిపితే సరిపోతుంది. సాయంత్రం పూట, వేళ్ల చుట్టూ ఉన్న మట్టి చెదరకుండా నాటాలి.

తర్వాత ఆరు గంటలకు తగ్గకుండా ఎండ తగలాలి. వేలు రెండు అంగుళాల లోతుకు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు పోయాలి. మధ్యాహ్నం ఆకులు వాడి సాయంత్రానికి తేరుకుంటే కంగారు పడనక్కరలేదు. మట్టి తడిగా ఉండగానే ఆకులు వాలితే మాత్రం వేళ్లు కుళ్లుతున్నాయని అనుమానించాలి. మూడు వారాలకోసారి గుప్పెడు వర్మికంపోస్టు చాలు. యూరియా గింజలు వేసి ఆకు గుబురుగా పెంచుకుని, కాయలు రావడం లేదని అడిగేవారికి సమాధానం ఆ యూరియాలోనే ఉంది.

చీడల్లో అందరినీ కలవరపెట్టేది ఆకు ముడత. అన్ని ముడతలూ ఒకటి కావు. ఆకు అంచులు పైకి ముడిచి దొన్నెలా అయితే అది పై ముడత, కారణం తామర పురుగులు (త్రిప్స్ అనే సన్నటి పురుగులు). కిందికి ముడిచి, తిరగేసిన పడవలా ఉండి, ఆకు కాడ పొడవుగా సాగితే కింది ముడత, కారణం నల్లి (మంచాల్లో ఉండేది కాదు, ఆకు రసం పీల్చే మైట్). లేత దశలో అయితే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం ఆకుల అడుగు భాగం తడిసేలా వారానికోసారి పిచికారీ చేస్తే రెండూ అదుపులో ఉంటాయి. నల్లి ముదిరితే నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు వాడాలి గాని, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు వాడితే ఆకులు మాడతాయి. తామర పురుగును చిన్నచూపు చూడరాదు: 2021-22లో నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిరప తోటలను నిలువునా ముంచింది. మొక్క గిడసబారి, ఆకులు చిన్నవై పసుపు ఈనెలతో ముడుచుకుంటే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. అలాంటి మొక్కను జాలిపడకుండా పీకి పారేయాలి.

నాటిన రెండు నెలలకు పచ్చి కాయ కోతకు వస్తుంది. పచ్చి కాయలు కోసే కొద్దీ మొక్క మళ్లీ పూస్తుంది. పండుమిర్చి పచ్చడికైతే ఒక మొక్కను కోయకుండా వదిలేయాలి. కారం గింజలో ఉంటుందని అనుకుంటాం గాని, అది నిజానికి గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి కండలో ఉంటుంది. కాయ చీల్చి చేతులు మండితే ముందు నూనె రాసి ఆ తర్వాత సబ్బుతో కడగాలి, ఎందుకంటే ఆ కారం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది.

వచ్చే ఏటికి విత్తనం దాచుకోదలిస్తే పక్క కుండీలోని బజ్జీ మిరపను లెక్కలోకి తీసుకోవాలి. మిరప తన పుప్పొడితోనే కాస్తుంది గాని, తేనెటీగలు తిరిగితే కలగలుపు తప్పదు. ఆ కలగలుపు ఈ ఏటి కాయ రుచిని మార్చదు, దాని గింజ నుంచి పుట్టే మొక్కలో బయటపడుతుంది. అందువల్ల ఒక కొమ్మ మొగ్గలు విచ్చకముందే పలుచటి గుడ్డ సంచి కట్టి, పిందె పడ్డాక సంచి తీసి కొమ్మకు దారం గుర్తు కట్టాలి. ఆ కాయలు చెట్టు మీదే పూర్తిగా పండనిచ్చి, నీడలో వారం ఎండబెట్టి, గింజలు తీసి కాగితపు పొట్లంలో రకం పేరు, నెల రాసి, మూత బిగువైన సీసాలో పెడితే రెండేళ్ల దాకా మొలకెత్తే శక్తి నిలుస్తుంది.