దిగేటప్పుడు ట్రెక్కింగ్ కర్ర పొట్టిదవుతోందా?

పాండవుల గుట్ట దిగుతూ కర్ర మీద బరువు వేశాను. 115 సెంటీమీటర్ల కర్ర ఒక్కసారిగా జానెడు కుంగింది, నా మోకాలు రాతికి కొట్టుకుంది. ఇంకో నెలలో కాజీపేటలో రైలెక్కి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు వెళ్లాల్సినవాణ్ణి. ఆ దెబ్బేదో మంచులో కాక ఇక్కడే తగిలింది, నయం.

సమస్య: బరువు వేస్తే కర్ర లోపలికి జారుతోంది.
కారణం: తిప్పి బిగించే రకంలో గొట్టం లోపల ప్లాస్టిక్ బుడిపె ఒకటి ఉంటుంది. తిప్పినకొద్దీ అది ఉబ్బి పై గొట్టాన్ని లోపలి నుంచి పట్టుకుంటుంది. దుమ్ము, చెమ్మ, నూనె ఏది చేరినా పట్టు తప్పుతుంది. నాది విప్పితే బుడిపె చుట్టూ ఎర్రటి దుమ్ము, దాని కింద నేనే మహా తెలివిగా పూసిన కొబ్బరినూనె!
పరిష్కారం: గొట్టాలు విడదీసి, సబ్బునీటి గుడ్డతో తుడిచి, రాత్రంతా విడివిడిగా ఆరబెట్టండి. మళ్లీ నూనె జోలికి పోవద్దు. మీటతో బిగించే రకమైతే పని సులువు: మీట పక్కనున్న స్క్రూను పావు చుట్టు తిప్పి చూడండి. కొత్తగా కొనేవారికి నా ఓటు ఈ రకానికే. చలిలో చేతి తొడుగులు తీయకుండానే సర్దుకోవచ్చు.

సమస్య: భుజాలు, మణికట్లు లాగేస్తున్నాయి.
కారణం: ఎత్తు కుదరలేదు.
పరిష్కారం: చదునైన నేల మీద మోచేయి లంబకోణంలో ఉండాలి. ఎక్కేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు తగ్గించండి, దిగేటప్పుడు అంతే పెంచండి. గొట్టం మీది ఆఖరి గీత మాత్రం దాటించవద్దు. పట్టీలోకి చేతిని కింది నుంచి దూర్చి, పట్టీతో కలిపి పిడి పట్టుకోండి.

సమస్య: మొన జారుతోంది, లేదా కూరుకుపోతోంది.
పరిష్కారం: బండరాతి మీద రబ్బరు తొడుగు, బురదలో ఉత్త మొన, మెత్తటి మంచులో మొనకు కాస్త పైన తగిలించే వెడల్పాటి బిళ్ల. ఉత్తరాఖండ్‌లోనే ఉన్న ఔలీలో స్కీలతో (మంచు మీద జారేందుకు కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకలతో) కొండ ఎక్కాలనుకునేవారు పిడి కింద పొడవైన ఫోమ్ ఉన్న కర్ర చూసుకోండి. వాలును అడ్డంగా దాటేటప్పుడు ఎగువ చేతి కర్రను కుదించనక్కరలేదు, ఆ ఫోమ్ దగ్గర కాస్త కిందికి పట్టుకుంటే సరిపోతుంది.

కార్బన్ కర్ర తేలికే, కానీ రాళ్ల సందులో ఇరుక్కుంటే పుటుక్కుమంటుంది. అల్యూమినియం ముందు వంగుతుంది. వంగిన కర్రతో గుడారం దాకా నడవవచ్చు.

దుకాణంలోనే కర్రను నిలువునా సాగదీసి, బిగించి, ఒంటి బరువంతా వేసి చూడండి. దుకాణదారు ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి.